గప్సూ ఎందుకు పడ్డాడంటే

బస్సు పావుగంట ఆగుతుందని డ్రైవరు చెప్పాడు. ఈ దేశంలో రహదారి పక్క మజిలీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: అక్రోటు ఆకారంలో కాల్చే చిట్టి రొట్టెలు, వెన్నలో దొర్లించిన బంగాళాదుంపలు, దుమ్ము పట్టిన టోపీల దుకాణం, ఆడవాళ్ల మరుగుదొడ్డి ముందు తిరునాళ్లలా వరస. బాంగ్ దుక్‌మాన్ ఒక మూల బల్ల దగ్గర నిలబడి, గోడమీది టీవీకి వీపు తిప్పేసి, నూడుల్స్ పులుసు జుర్రుకుంటున్నాడు. యాభైతొమ్మిదేళ్ల మనిషి. మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేని శరీరం. కుస్తీ మానేసి ముప్ఫయ్యేళ్లు దాటినా కుర్చీలు ఇంకా ఆయన్ని చూసి భయపడుతూనే ఉన్నాయి.

టీవీకి వీపు తిప్పడానికి కారణం ఉంది. అందులో నిన్నటి సీరియల్‌ను మళ్లీ వేస్తున్నారు. పేరు 'ఇసుక మీద వాన'. సిరుం కుస్తీ నేపథ్యంలో ప్రేమకథ. ఇద్దరు స్నేహితులు, ఒక అమ్మాయి, అడపాదడపా వాన. వాన పడితే గొడుగు ఉండాలి, అది కూడా ఒక్కటే ఉండాలి. హీరోయిన్‌కి రెండో వారంలో రక్తం కక్కే జబ్బు, ఐదో వారంలో మతిమరపు. సిరుం మాత్రం హీరో చొక్కా విప్పడానికి పనికొచ్చింది. ఈ సరుకుకి కుస్తీ సలహాదారు దుక్‌మానే. ప్రతి భాగం చివర అక్షరాలు పరుగెడుతుంటే వాటితోపాటు ఆయన పేరూ పరుగెడుతుంది. మొదట్లో ఆ పేరు కోసమే టీవీ ముందు కూర్చునేవాడు. ఇప్పుడది కనిపిస్తే కంచంలో వెంట్రుక కనిపించినట్టుంటోంది.

"దుక్‌మాన్ అన్నా?"

తిరిగి చూశాడు. రెండు చేతుల్లో సంచులు, తలమీద ఎండటోపీ, కాస్త వంగిన నడుము. పోల్చుకోవడానికి రెండు క్షణాలు పట్టింది. యో మల్సూన్, చనిపోయిన స్నేహితుడు గప్సూకి చెల్లెలు. గప్సూ శవం లేచిన రోజు తర్వాత మళ్లీ ఇదే చూడడం. పద్దెనిమిదేళ్లు.

"మల్సూన్! జుట్టంతా నెరిసిపోయిందేమే?"

"నీకు నెరవడానికైనా మిగల్లేదుగా," అంది మల్సూన్. "సియోల్‌లో కళ్ల డాక్టరుకి చూపించుకుని వస్తున్నా. నువ్వెక్కడికి?"

"మీ ఉయిసొంగ్‌కే. షూటింగు."

"ఆఖరి భాగమా? ఇవాళ వేసేది ఇవాళ తీస్తారా?"

"అంతే వాళ్లు. పొద్దున కాగితాలు వస్తాయి, సాయంత్రానికి బొమ్మ."

ఆమె సంచులు కింద పెట్టింది. "ఒకటడుగుతా అన్నా. మీ సీరియల్లో ఆ గప్సిక్ అనేవాడు మా అన్నేగా?"

గిన్నెలో పులుసు అయిపోయినా దుక్‌మాన్ గిన్నె దించలేదు.

"చిరిగిన ఎడమ చెవి. వెల్లుల్లి పొలం. బరిలోకి దిగేముందు చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకోవడం. మా అన్న కాకపోతే ఎవడు? మొన్నటిదాకా అమ్మ మురిసిపోయింది తెలుసా. నిన్న ఆ గప్సిక్ ఆ పిల్లకి మాటిచ్చాడు, ఆటలో నేనే పడిపోతాను, బహుమతి ఎద్దూ నా స్నేహితుడికే, నువ్వూ వాడికే అని. అమ్మ లేచెళ్లి టీవీ వైరు పీకేసింది."

"అది కథే, మల్సూన్."

"ఆ మాట ఊళ్లోవాళ్లకి చెప్పు! ముసలాళ్ల హాల్లో పూలబొమ్మల పేకలు ఆడుకుంటూ, మీవాడు అమ్మాయి కోసం ఊరి పరువు ఇసుకలో పడుకోబెట్టాడటగా అన్నారట పొద్దున్నే. ఒకావిడ వెక్కిరిస్తుంది, ఇంకొకావిడ ఎంత ప్రేమో అని కళ్లొత్తుకుంటుంది. దేనికి ఎక్కువ మండాలో అమ్మకే తెలీట్లేదు. తొంభై రెండేళ్ళావిడకి." మల్సూన్ గొంతు తగ్గించింది. "ఆ రోజు బరిలో ఎదురుగా ఉన్నది నువ్వేగా. మా అన్న కావాలనే పడ్డాడా?"

"లేదు."

"అయితే ఆ మాట వాళ్లకి చెప్పు. ఇవాళ దాటితే ఇంకెవడు మారుస్తాడు?"

డ్రైవరు హారన్ కొట్టాడు. ఇద్దరిదీ ఒకే బస్సు. మల్సూన్ ముందు సీట్లో కూర్చుంది. దుక్‌మాన్ కావాలనే చివరికి పోయి, రెండు సీట్లూ నిండేలా కూర్చుని, కిటికీ బయటకి చూశాడు.

గప్సూ ఎందుకు పడ్డాడో ఆయనకి తెలుసు. లోకంలో ఆయనకొక్కడికే తెలుసు.

సిరుంలో నడుముకీ కుడి తొడకీ కలిపి ఒక గుడ్డ పట్టీ కడతారు, ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం. ఇద్దరూ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, ఒకరి భుజంలో ఒకరు గడ్డం దూర్చి, కుడిచేత్తో ఎదుటివాడి నడుము పట్టీ, ఎడమచేత్తో తొడ పట్టీ పట్టుకుని లేస్తారు. ఈల మోగేసరికే సగం ఆట అయిపోయి ఉంటుంది. ఎదుటివాడు సరిగ్గా తిన్నాడా, భయపడుతున్నాడా, నొప్పి ఎక్కడ దాచుకున్నాడు, అన్నీ భుజం చెప్పేస్తుంది. పెళ్లాంతో ముప్ఫయ్యేళ్లు కాపురం చేసినా అంత తెలియదు.

ముప్ఫయ్యారేళ్ల కిందట ఉయిసొంగ్‌లో రాష్ట్ర స్థాయి తుది పోటీ. బహుమతి ఎద్దు. గెలిచినవాడికి జాతీయ జట్టులో చోటు. అప్పటిదాకా దుక్‌మాన్ గప్సూని ఒక్కసారీ ఓడించలేదు. ముందురోజు సాయంత్రం వేణ్ణీళ్ల స్నానశాలలో గప్సూ తొడ చూపించాడు. లోపలివైపు వంకాయ రంగు. కండ చిరిగింది; నోరు మూసుకుని ఆడమని కోచ్ అన్నాడట. "రేపు ఎలాగైనా పడగొట్టుకో, పట్టీని మాత్రం మెలి తిప్పకురా," అన్నాడు గప్సూ నవ్వుతూ. "సరేలేరా," అన్నాడు దుక్‌మాన్, వాడి వీపు రుద్దుతూ.

మర్నాడు చెరొక ఆటా గెలిచారు. మూడో ఆటలో గప్సూ ఆయన్ని గాల్లోకి ఎత్తేశాడు. కాళ్లు ఇసుక వదిలాయి. అప్పుడు దుక్‌మాన్ ఎడమ మణికట్టు, పట్టీతో సహా తిరిగింది. దానంతటదే తిరిగిందని చాలా ఏళ్లు చెప్పుకున్నాడు. మణికట్లు వాటంతటవి తిరగవు. అది నిబంధనల ప్రకారం తప్పు కూడా కాదు. గప్సూ అరవలేదు, మూట దించినవాడిలా మెల్లగా కూలబడ్డాడు. చూసినవాళ్లకి కావాలని కూర్చున్నట్టే ఉంది. తర్వాత వాడు ఇసుకలో అడుగు పెట్టలేదు. వెల్లుల్లి లారీ తోలాడు, తాగాడు, నలభై ఒకటికి పోయాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పోనీ దుక్‌మానైనా నోరు మూసుకుని ఉండవచ్చుగా! షూటింగు మొదలయ్యే రోజు పంది తల పెట్టి అందరూ మొక్కారు. అది ఎంత నవ్వు మొహంతో ఉంటే సీరియల్‌కి అంత కలిసొస్తుందట. మొక్కాక తాగారు. రచయిత్రి హ్వాంగ్ పక్కన కూర్చుని, పెద్దవాళ్లకి పోసినట్టు రెండు చేతులతో సీసా పట్టుకుని గ్లాసు నింపుతూ, "మీ జీవితం చెప్పండి మాస్టారూ" అంది. పుస్తకాలు రాసే మనిషి రెండు చేతులతో పోస్తే ఏ పల్లెటూరివాడు ఆగుతాడు? గప్సూని మొత్తం ఆమె చేతిలో పెట్టేశాడు, చెవితో సహా. ఒక్క మెలి మాత్రం దాచుకున్నాడు. కథలో అక్కడ ఒక కన్నం పడింది: బలమైనవాడు ఎందుకు పడ్డాడు? ఆ కన్నంలో ఆమె ఒక ఆడపిల్లని కూర్చోబెట్టింది.

అందుకు ఆమెని తిట్టుకుని లాభం లేదని బస్సు లోయ దిగుతుండగా దుక్‌మాన్‌కి అనిపించింది. తిట్టుకున్నాడు, అది వేరే సంగతి.

మూతపడిన బడి ఆటస్థలంలో బరి వేశారు. మల్సూన్ జనంతోపాటు తాడు అవతల నిలబడింది. ఇసుకలో బూట్ల గుర్తులు. సిగరెట్ పీకలు. ఎత్తుమడమల చెప్పులతో హీరోయిన్ బరి మధ్యలో నిలబడి ఐస్ కాఫీ పీలుస్తోంది. అభిమానులు పంపిన కాఫీ బండి మీద హీరో దావోన్ బొమ్మ, ఒంటి మీద ఒక్క వెంట్రుక లేకుండా, తోలు ఒలిచిన కోడిలా. అసలు దావోన్ పక్కనే నిలబడ్డాడు. ఒక అమ్మాయి అతని వీపు మీద చెమట చల్లుతోంది, సీసాలోంచి. మనిషికి వచ్చే చెమట వీళ్లకి పనికిరాదు; కెమెరాకి మెరవదట.

దుక్‌మాన్ నేరుగా రచయిత్రి వ్యాను దగ్గరికి వెళ్లాడు. ఆమె ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని, అరగంటలో తీయాల్సిన సీను రాస్తోంది. పూర్వం సంతల్లో డోలు కొట్టుకుంటూ కథ చెప్పేవాళ్లు జనం లేచిపోతుంటే చచ్చినవాణ్ణి బతికించేసేవాళ్లు. వాళ్లకి కనీసం జనం మొహాలు కనిపించేవి.

"గప్సిక్ కావాలని పడకూడదమ్మా," అన్నాడు.

"మాస్టారూ, ఇప్పుడా?"

"వాడి తొడ చిరిగి ఉంది. నాకు చెప్పాడు. మెలి తిప్పొద్దన్నాడు. నేను తిప్పాను. అందుకే పడ్డాడు. ఇది రాయి."

రచయిత్రి వేళ్లు ఆగిపోయాయి. ఒక్క క్షణం ఆమె మొహం నిజమైన రచయితల మొహంలా వెలిగింది. "అయ్యో, ఎంత బాగుంది," అంది.

బాగుందట.

"కానీ మాస్టారూ, కథలో మీరంటే హీరో కదా. హీరో అలా చెయ్యకూడదు. దావోన్ పాల ప్రకటనలో ఉన్నాడు. జనం ఊరుకోరు. ఇది దాచిపెడదాం, నా తర్వాతి సీరియల్‌కి. ఎవరికీ చెప్పకండే!"

దుక్‌మాన్‌కి ఉమ్మెయ్యాలనిపించింది. ఎవరి మీదో తెలియక మింగేశాడు. ముప్ఫయ్యారేళ్లు దాచిన పాపాన్ని ఆవిడ పచ్చడి జాడీలా అటక మీద పెట్టుకుంటానంటోంది. దాచుకోవడం ఆమెకి నేర్పింది మాత్రం ఎవరు?

గప్సిక్ వేషం వేసే కుర్రవాడికి ఎత్తి పడేసే సీనంటే భయం. అందుకని వీపు మాత్రం కనబడేలా వాడి బదులు దుక్‌మాన్ పడాలి. నీలం పట్టీ కట్టారు. దర్శకుడు మైకులో అరిచాడు. "మాస్టారూ, మెత్తగా పడాలి! ప్రేమగా! తల్లి ఒళ్లో పడుకున్నట్టు!"

మోకాళ్ల మీద కూర్చున్నారు. దావోన్ గడ్డం ఆయన భుజంలో దూరింది, పూల అత్తరు వాసన. ఈల మోగింది. దావోన్ ఎత్తబోయాడు. దుక్‌మాన్ కదల్లేదు.

"కట్! మాస్టారూ, ఏమైంది?"

రెండోసారీ కదల్లేదు. మూడోసారి దావోన్ మూలిగాడు. మొహం మీద మొట్టమొదటిసారి సొంత చెమట పట్టింది.

"మాస్టారూ, పడిపోండి ప్లీజ్," అన్నాడు చెవిలో. "నాకు నాలుగింటికి ఇంటర్వ్యూ ఉంది."

"పడగొట్టు."

"మీరు పడాలి కదా, కాగితంలో అలాగే ఉంది!"

"కాగితాన్ని వచ్చి పడగొట్టమను."

దావోన్‌కి ఒళ్లు మండింది. నెలల తరబడి ఆయన దగ్గర నేర్చుకున్నదంతా తీసి ఎడమ మణికట్టు తొడ పట్టీలో మెలి తిప్పాడు. పట్టీ కండలోకి దిగింది. చక్కగానే నేర్పాడు. దుక్‌మాన్ పళ్లు బిగించి నిలబడ్డాడు. ఇంతే. ఇంత నొప్పికే, చిరగని తొడకే కళ్లలో నీళ్లు వచ్చాయి.

"కట్! కట్! ఎవరైనా ఆ ముసలాయనకి చెప్పండయ్యా!" దర్శకుడు మైకు విసిరేశాడు. "ఇంకొకణ్ణి పిలవండి, ఎవడైనా సరే, లావుగా ఉంటే చాలు!"

పిలుస్తారు. ఆ లావుపాటివాడు మెత్తగా పడతాడు, సాయంత్రం దేశమంతా ఏడుస్తుంది. దుక్‌మాన్‌కి అది తెలుసు. నీలం పట్టీ ముడి విప్పి, సిగరెట్ పీకల మధ్య ఇసుకలోనే వదిలేసి, తాడు దగ్గరికి నడిచాడు.

"ఏమైందన్నా? చెప్పావా? మార్చారా?" అంది మల్సూన్.

"మార్చరు. నీకు చెప్తున్నా విను. మీ అన్న తొడ చిరిగి ఉంది. పట్టీ మెలి తిప్పొద్దని నన్ను అడిగాడు. సరేనన్నాను. నన్ను ఎత్తేశాడు, నేను తిప్పాను. వాడు పడలేదే, నేను పడేశాను."

చుట్టూ జనం ఫోన్లు దించి చూశారు. మల్సూన్ చెయ్యి లేచింది. కొడుతుందనుకున్నాడు, మొహం పక్కకి తిప్పుకోలేదు. ఆ చెయ్యి టోపీ సర్దుకుని దిగిపోయింది. ఆమె ఆయన్ని చూసింది, కుళ్లిన వెల్లుల్లి గడ్డని చూసినట్టు.

"ఎద్దుని ఏం చేశావు?" అంది.

"అమ్మేశాను."

"నాకు కాదు నువ్వు చెప్పాల్సింది. అమ్మ హాల్లోనే ఉంది, ముసలాళ్లందరూ ఉంటారు. ఆవిడకి చెవులు సరిగా పనిచెయ్యవు. గట్టిగా అరిచి చెప్పాలి."

"అరుస్తా."

"రెండుసార్లు అరవాలి."

వెనక దావోన్ "మాస్టారూ!" అంటున్నాడు. ఎవరో ఆయన చొక్కా, బూట్లు పట్టుకుని పరుగెత్తి వస్తున్నారు. రచయిత్రి వ్యాను తలుపు తీసి చెయ్యి ఊపుతోంది. దుక్‌మాన్ ఇసుక అంటిన కాళ్లతోనే, పొట్టి లాగుతోనే, వెల్లుల్లి పొలాల మధ్య సిమెంటు దారి పట్టాడు. మల్సూన్ సంచులు ఎత్తుకుని వెనక బయల్దేరేసరికి ఆయన చాలా దూరం నడిచిపోయాడు.