నోరు మూసిన పొయ్యి

సీతమ్మ తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసింది. అందులో సగం, ఊరికీ ఊరికీ కాల్స్ కలిపే ట్రంకు బోర్డు మీదే. వైరు చివరి పిన్నును బోర్డు రంధ్రంలో పెట్టేముందు దాని అంచుకు ఒకసారి తాకించాలి. చెవిలో టిక్కుమంటే ఆ లైన్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు, టిక్కుమనకపోతే ఖాళీ. కొత్తగా చేరిన పిల్లలు తాకించడం మరిచిపోయి, ఎవరో మొగుడూ పెళ్లాల మాటల మధ్యలో దూరి తిట్లు తినేవాళ్లు. సీతమ్మ ఒక్కసారి కూడా తినలేదు.

ఇప్పుడావిడకు అరవై తొమ్మిది. డాలస్ పక్కన కాపెల్‌లో కూతురు జాహ్నవి, అల్లుడు అనుదీప్‌ల దగ్గర రెండేళ్లుగా ఉంటోంది. మధ్యచూపు పోయింది. గుమ్మాలు, మెట్లు, మనుషుల ఆకారాలు పక్కచూపుతో తెలుస్తాయి. అంకెలు, అక్షరాలు, మొహాలు తెలియవు. ఇది బాగయ్యేది కాదని డాక్టరు చెప్పిన రోజు సీతమ్మ సరేనని ఇంటికొచ్చి వంకాయ కూర చేసింది.

ఆ ఇంట్లో పొయ్యి ఒక నల్లటి అద్దం పలక. తిప్పడానికి మీటలుండవు, వేలు ఆనించాలంతే. సీతమ్మ బొట్టుబిళ్లల అట్ట ఒకటి తీసి, ఆన్, ఆఫ్ రెంటికీ నొక్కే చోట పెద్దది, వేడి పెంచే చోట చిన్నది, తగ్గించే చోట ఇంకో చిన్నది అంటించుకుంది. ఆన్ చేస్తే పొడుగాటి బీప్. ఆఫ్ చేస్తే జంట బీప్. పెంచినా తగ్గించినా నొక్కుకొక పొట్టి బీప్. పాలకు మూడు, దోసెకు ఐదు, అన్నం ఎసరుకు ఏడు. ఎక్కడ నొక్కాలో బిళ్ల చెబుతుంది, నొక్కింది అందిందో లేదో చప్పుడు చెబుతుంది. మధ్యలో ఇంకెవరినీ అడిగే పని లేదు. ఆవిడకు కావలసింది అదే.

మంగళవారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి సీతమ్మ దేవుడి గదిలోకి వెళ్లింది. జాహ్నవి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆఫీసు పని చేస్తుంది. టేబులూ వంటగదీ ఒకే హాలు. ఆ బీపుల చప్పుడేమిటని ముందురోజు క్లయింటు ఒకటికి రెండుసార్లు అడిగాడట. అనుదీప్ ఆఫీసుకు బయల్దేరుతూ పొయ్యి సౌండు ఆపేసి వెళ్లాడు. అత్తగారికి చెప్పాలని తోచలేదు.

సీతమ్మ వచ్చింది, పాలు గ్లాసులో పోసుకుంది, గిన్నె అక్కడే పెట్టి ఆఫ్ నొక్కింది. చప్పుడు రాలేదు. వేలు సరిగా ఆనలేదేమోనని మళ్లీ నొక్కింది. మొదటి నొక్కుకు ఆరిన పొయ్యి రెండో నొక్కుకు తిరిగి వెలిగింది. గ్లాసు పట్టుకుని ఆవిడ వరండాలోకి వెళ్లిపోయింది.

పైకప్పుకు బిగించిన స్మోక్ అలారం మోగలేదు. పోపు పెట్టినప్పుడల్లా అరుస్తోందని, తెలిసిన ఇళ్లన్నిటిలోలాగే దానికీ ప్లాస్టిక్ స్నానం టోపీ ఒకటి తొడిగారు. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న జాహ్నవికి వాసన తగిలేసరికి గిన్నె అడుగు బొగ్గయింది.

సాయంత్రం అనుదీప్ రాగానే తీర్పు వచ్చింది.

"అత్తయ్యగారూ, ఇక మీరు స్టవ్ టచ్ చేయొద్దండీ. ఇళ్లకి వంట చేసి ఇచ్చే నళిని ఆంటీ రోజూ భోజనం డబ్బా పంపిస్తారు. ఆల్రెడీ మాట్లాడేశాను. ఇది సేఫ్టీ ఇష్యూ."

"నీ మంచికేనమ్మా," అంది జాహ్నవి. "ఇల్లు తగలబడిపోయేది."

"పోయేదే," అంది సీతమ్మ. "సౌండు తీసిందెవరు?"

"నేనే అండీ. కానీ దానికీ దీనికీ..."

"కళ్లు మూసుకోండి బాబూ."

"ఎందుకు?"

"మూసుకుని కాసిని నీళ్లు కాచండి." భుజం మీది తువ్వాలు తీసి అల్లుడి చేతికిచ్చింది. "ఇది కట్టుకోండి. మీ మీద నమ్మకం లేక కాదు, మీ కళ్ల మీద లేదు."

జాహ్నవి నవ్వబోయి, తల్లి మొహం చూసి మానేసింది. అనుదీప్ తువ్వాలు కట్టుకుని తడుముకుంటూ పెద్ద బిళ్ల పట్టుకున్నాడు. నొక్కాడు. ఆగాడు. మళ్లీ నొక్కాడు.

"ఆన్ అయిందా?"

"నన్నడుగుతారేంటి? నాకు కనపడదుగా. పొయ్యినడగండి."

"జానూ, అయిందా?"

"చెప్పావంటే ఊరుకోను," అంది సీతమ్మ కూతురితో.

అతను అద్దం పైన అరచెయ్యి చాపి కాసేపు నిలబడ్డాడు. వేడి తగల్లేదు. తువ్వాలు లాగేసి చూస్తే పొయ్యి ఆరి ఉంది.

"ఓకే, పాయింటే," అన్నాడు. "కానీ మళ్లీ ఇట్లా జరిగితే?"

"జరిగితే అప్పుడు నన్ననండి. పొద్దున జరిగింది మాత్రం నా లెక్కలో వెయ్యొద్దు. దాని నోరు మీరు మూసి, నా చేతులు కట్టేస్తానంటే కుదరదు. ఆ డబ్బా వస్తే గుమ్మంలోంచే తిప్పి పంపుతా. పైనున్న ఆ టోపీ కూడా పీకెయ్యండి."

"అది ఊరికే అరుస్తుందమ్మా," అంది జాహ్నవి.

"అరవనీ. అందుకేగా పెట్టుకుంది."

అనుదీప్ కుర్చీ ఎక్కి టోపీ తీశాడు, పొయ్యి సౌండు పెట్టాడు. "ఒక వారం చూద్దాం," అన్నాడు, ఒప్పుకున్నట్టు కాకుండా.

"చూడండి," అంది సీతమ్మ.

మర్నాడు పదింటికి జాహ్నవి మీటింగులో ఉండగా సీతమ్మ ఎసరు పెట్టింది. ఒక పొడుగు, ఏడు పొట్టి. లాప్‌టాప్‌లో మాట్లాడుతున్న మనిషి ఆగిపోయాడు. జాహ్నవి మైకు ఆపి వెనక్కి తిరిగింది.

"అమ్మా, ప్లీజ్, అరగంట ఆగవా? వాళ్లకి వినపడుతోంది!"

"నాకూ వినపడాలిగా. నువ్వు పై గదిలోకి పో."

"పైన నెట్ సరిగా రాదు."

"అయితే గరాజ్‌లో కూర్చో. పొయ్యిని నెత్తిన పెట్టుకుని నేను తిరగలేను."

"నీతో పడలేనమ్మా!"

లాప్‌టాపూ చార్జరూ చంకన పెట్టుకుని జాహ్నవి విసవిసా మెట్లెక్కింది. పైన తలుపు గట్టిగా పడింది. సీతమ్మ ఎసట్లో బియ్యం పోసి వేడి రెండు తగ్గించింది. రెండూ వినపడ్డాయి.