జపాన్ అక్క సంచి

నా చిన్నప్పుడు పెదనలో మా ఇంటి వెనక షెడ్డంతా మా తాతయ్య అద్దకాలదే. కళ్ళు తెరిచేసరికే చెక్క అచ్చులు గుడ్డ మీద పడే టపటపలు వినబడేవి. ఒక ఏడు వేసవికి ముందు జపాన్ నుంచి ఒకావిడ ఆ పని నేర్చుకోవడానికి వచ్చింది. పేరు పలకడం మా ఎవరివల్లా కాలేదు, ఊరందరికీ జపాన్ అక్క అయిపోయింది. మా వసారా గదిలోనే ఉండేది. పప్పన్నంలో ఆవకాయ కలుపుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఇంకొంచెం వెయ్యమనేది.

నేను ఆవిడకి తోక. ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్ళేదాన్ని. ఆవిడ నాకు మాటలు నేర్పింది. ఎర్రగా ఉంటే అకయి అనాలిట. ఎర్రగా లేకపోతే చివరి యి తీసేసి అకకునయి అనాలిట. మనలా పక్కన ఇంకో మాట పెట్టక్కర్లేదు, ఆ మాటే తోక మార్చుకుంటుంది. నాకది భలే ఆటగా ఉండేది. మందారం అకయి, మల్లె అకకునయి అంటూ ఇల్లంతా తిరుగుతుంటే, ముందు నీ ఎక్కాలు అప్పజెప్పవే తల్లీ అని అమ్మ మొట్టికాయ వేసేది.

వాళ్ళమ్మకి ఆవిడ ఇంత దూరం రావడం సుతరామూ ఇష్టం లేదట. సొంతంగా అద్దిన గుడ్డ ఒకటి తీసుకెళ్ళి చూపిస్తే గానీ మళ్ళీ పంపనందట. అందుకని అక్క ఒక గుడ్డ మీద ప్రాణం పెట్టి పనిచేసింది. నడుం వంచితే ఎత్తేది కాదు.

ఇక్కడ మా తాతయ్య సంగతి చెప్పాలి. ఎర్ర పూలు రావాల్సిన చోట పటిక కలిపిన జిగురుతో అచ్చు కొడతారు. ఎక్కడ కొట్టామో కనబడాలని అందులో కాస్త ఎర్ర రంగు వేస్తారు, అంతే. అది కాలువలో ఉతికితే పోతుంది. అసలు ఎరుపు ఆ తర్వాత, రంగు చెక్కలు వేసిన కాగు నీళ్ళలో గుడ్డని ఉడకబెడితేనే పటిక ఉన్న చోట పైకి వస్తుంది. షెడ్డు పిల్లలందరికీ తెలిసిందే. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం తాతయ్య చెప్పడు, మమ్మల్నీ చెప్పనివ్వడు. చెబితే ధ్యాసంతా కాగు మీదే ఉంటుంది, ఉతుకు మీద ఉండదని ఆయన వాదన. అక్క వచ్చాక కాగు కింద మంట పెట్టడం ఆవిడ గుడ్డకే మొదలు కాబట్టి ఆవిడకి తెలిసే వీలు లేదు.

అద్దకం అయ్యాక ఉతుకు రోజున అక్క కాలువలో మోకాలి లోతున నిలబడి గుడ్డ జాడించింది. ఎర్ర పూలన్నీ నీళ్ళలో కలిసి వెళ్ళిపోయాయి. గుడ్డ మీద ముందే అద్దిన నల్ల గీతలే మిగిలాయి. అక్క ఇంకా రెండుసార్లు ముంచి ఎత్తి చూసుకుంది. అకకునయి, అకకునయి అంటూ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

నా గుండె తరుక్కుపోయింది. ఎర్రగా అవుతుంది అని చెప్పాలి. నాకు వచ్చిన జపాన్ మాటల్లో అవుతుంది అనే మాట లేదు! తాతయ్య గుడ్లురుముతున్నా సరే అని ఆ వెలిసిపోయిన గుడ్డ చూపించి అకయి, అకయి అని అరిచాను. వెక్కిరిస్తున్నాననుకుంది పాపం. నా వంక అదోలా చూసి, ఇంటికెళ్ళి సంచి సర్దుకుంది. గుడ్డ గట్టు మీదే వదిలేసింది. బందరు బస్సు వచ్చే వేళయింది.

ఏం చెయ్యాలో తోచక వెళ్ళి ఆవిడ సంచి మీద కూర్చున్నాను. లాగింది, లేవలేదు. తనకి వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో వద్దు అని బతిమాలింది, గట్టిగా పట్టుకున్నాను. బస్సు హారన్ వీధిలోంచి వినబడి దూరమైంది. అప్పటికి తాతయ్య గుమ్మంలోకి వచ్చాడు. పిల్లదాని మాట వినమ్మా, కాగు మరుగుతోంది అన్నాడు. ఆయన చేతిలో ఆ గుడ్డ ఉంది. ఆవేళ మధ్యాహ్నం ఆయన కూడా అన్నం ముట్టలేదని తర్వాత అమ్మమ్మ చెప్పింది.

గట్టు మీద పెద్ద రాగి కాగులో తాతయ్య కర్రతో గుడ్డని తిప్పుతూ ఉన్నాడు. ఒకసారి పైకెత్తేసరికి పూలన్నీ ఎర్రగా ఉన్నాయి. అక్క నన్ను ఎత్తుకుని, ముద్దులు పెడుతూ, అకకు నత్తా అంది. ఎర్రగా అయింది అని దానర్థం. ఆ మాట ముందే నేర్పి ఉంటే ఎంత బాగుండేదో! మరుసటి ఏడు ఆవిడ మళ్ళీ వచ్చింది.

తాతయ్య చేసింది నాకిప్పటికీ నచ్చదు. పని నేర్పడానికి మనిషిని అంత ఏడిపించాలా? మహానుభావుడు, ఆయన పద్ధతి ఆయనది.

మొన్న మా మనవరాలు జపాన్ భాష క్లాసు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. అవే మాటలు, అవే తోకలు. రెండు రకాలట, ఒక రకం తోక మార్చుకుంటుందట, రెండో రకం మార్చుకోదట. నాకిది వచ్చేది కాదు అమ్మమ్మా, రేపట్నుంచి వెళ్ళను, పుస్తకాలు తిరిగిచ్చేస్తాను అని సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. వస్తుందే, ఇంకా కాగు మరగలేదు అని చెప్పి చూశాను. వింటేగా.

మోకాళ్ళ నొప్పులతో ఎలాగో లేచి, వెళ్ళి ఆ సంచి మీద కూర్చున్నాను.