గైక్ చూ అక్కకి నచ్చని లెన్సులు

గైక్ చూ అక్క వంక పెట్టని లెన్సు లేదు. మా దీవిలోని జార్జ్‌టౌన్‌లో ఇన్నేళ్ళుగా కళ్ళద్దాల కొట్టు నడుపుతున్నాను. ఎందరి కళ్ళకో లెన్సులు అమర్చాను. ఆవిడ కళ్ళ దగ్గర మాత్రం ఓడిపోయాను.

ఆవిడ ఇక్కడి చైనావాళ్ళ హొక్కియన్ భాషా నాటకాల్లో రాణి. అరవై దాటినా రాణే. కిరీటం కింద కళ్ళజోడు పెట్టుకున్న రాణిని జనం ఒప్పుకోరు. నల్లగుడ్డు ఎగుడుదిగుడుగా ఉంది కనుక మెత్తటి లెన్సు పనికిరాదు, గాలి ఆడే గట్టి లెన్సే కావాలి. దూరానికీ దగ్గరకీ చూపు ఒకే లెన్సులో ఉండాలి.

ఎప్పుడొచ్చినా వెంట బూన్ తియాన్ ఉంటాడు. నాటకంలో ఆవిడ మొగుడు. ముప్ఫై ఏళ్ళుగా వేదిక మీద పెళ్ళి చేసుకుంటున్నారు. రంగు తుడుచుకున్నాక ఆవిడ ఒక బస్సు, ఆయన ఇంకో బస్సు.

మొదటి జత అమర్చి చెప్పాను. "పైసగం దూరానికి, కిందిసగం దగ్గరకి. కళ్ళు దించితే కింది రెప్ప లెన్సుని పైకి నెడుతుంది. అప్పుడు దగ్గరివి కనపడతాయి."

"రాణి కళ్ళు దించుతుందా?"

"చదివేటప్పుడు దించొచ్చక్కా."

వారం తిరక్కుండా వచ్చి కూర్చుంది. "నీ లెన్సు నా పరువు తీసింది."

వాళ్ళ నాటకాలకి రాసిన మాటలుండవు. ఆనాటి కథ క్లుప్తంగా రాసిన కాగితం తెర వెనక మేకుకి వేలాడుతుంది. నటులు దాన్ని ఒకసారి చూసి వేదిక ఎక్కి మాటలు అల్లుకుంటారు. ఆ మేకు తలకంటే ఎత్తున ఉంది. ఈవిడ కళ్ళెత్తింది, అక్షరాలు అలికేసినట్టున్నాయి. సరేలెమ్మని నిన్నటి కథ అనుకుని వెళ్ళి, న్యాయాధికారి కాళ్ళ మీద పడి "నా కొడుకుని వదిలెయ్యండి" అని ఏడ్చింది. ఆనాటి కథలో ఆవిడకింకా పెళ్ళే కాలేదు.

"మరి ఏం చేశారు?"

"నేను పెళ్ళికొడుకుని కదా," అన్నాడు బూన్ తియాన్. "కొడుకుతో సహా చేసుకుంటానన్నాను. చప్పట్లే చప్పట్లు."

"ఆ మేకు కాస్త కిందికి దించమనండక్కా."

"మా గురువుగారు కొట్టిన మేకు. నువ్వొచ్చి పీకుతావా?"

"పోనీ, ఆ లెన్సులు వెనక్కి ఇచ్చెయ్యండి."

"పౌడరు డబ్బాలో పడి పోయాయి."

రెండో రకం పెట్టాను. దూరం, దగ్గర రెండూ వలయాలుగా ఒకేసారి కనపడతాయి. కావలసినదాన్ని మనసే ఏరుకుంటుంది.

"ప్రతి దీపం పక్కనా ఒక దయ్యం నిలబడింది," అంది.

"దయ్యాల నెలేగా, సరిపోయింది," అన్నాడాయన.

మూడోది గుచ్చుతోందంది, వాళ్ళ నాటక బృందం మేనేజరు కాంగ్ చూపులా.

కాంగ్ చూపులకి కారణం ఉంది. చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని నమ్మే దయ్యాల నెలలో ముందు వరస కుర్చీలు వాళ్ళకని ఖాళీగా వదిలేస్తారు. పోయినేడు ఒక ముసలి నటుడు అడుగు తప్పి ఆ కుర్చీల్లో పడ్డాడు. ఈసారి తడబడినవాడికి శాశ్వతంగా సెలవేనన్నాడు కాంగ్. బూన్ తియాన్ వేషానికి ఒక యువకుణ్ణి సిద్ధం కూడా చేశాడు.

గైక్ చూ అక్క ఒకటే మాట అంది. "నాకు ఏ లెన్సూ కుదరలేదు. ఈయన చెయ్యి పట్టుకోకపోతే నేను వేదిక ఎక్కను."

ఆవిడ పేరు చూసే చందాలొస్తాయి. కాంగ్ వెనక్కి తగ్గాడు.

నాకు చిన్నతనమనిపించింది. ఆవిడ నడక చూస్తే లెన్సులో లోపమేమిటో తెలుస్తుందని, ఒక మధ్యాహ్నం ఆటకి వెళ్ళి వేదిక పక్కన నిలబడ్డాను.

"నాకు కళ్ళు కనపడవయ్యా, జాగ్రత్తగా తీసుకెళ్ళు," అంటోంది.

"రా, రా. నేనుండగా నీకేం భయం?" ఆయన ఆవిడ మోచెయ్యి పట్టుకుని వేదికెక్కాడు.

పలకల మధ్య సందు వచ్చింది. ఆయన అడుగు అందులోకే పోతోంది. అక్క మోచెయ్యి కొంచెం జరిపింది. ఆయన అడుగు పక్కన పడింది. వేదిక అంచు దాకా వచ్చారు. ఆవిడ అలిగినట్టు గిర్రున తిరిగింది, ఆయనా తిరగక తప్పలేదు. ఆయన బల్ల మీది గిన్నె కోసం గాలిలో తడుముతుంటే, పాట ఆపకుండానే గిన్నెని ఆ చేతికిందికి జరిపింది.

ఆవిడ నా వైపు చూసినప్పుడు కంట్లో రెండు సగాలు కలిసే సన్నటి అంచు మెరిసింది. నేను అమర్చిన అంచు నాకు తెలియదా? పౌడరు డబ్బాలో పోయిన మొదటి జత.

తెర వెనక నన్ను పట్టుకుంది. "నోరు విప్పావో, నీ కొట్టు ముందు కూర్చుని నాలుగంకాలూ ఏడుస్తా."

"ఆయనకి తెలుసా?"

"సాయంత్రమైతే కళ్ళు మసకేస్తాయంటాడు, అంతే. నా కళ్ళు చూపించుకోవాలి, తోడు రమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఆయనకీ పరీక్ష చేయించా. పోయిన చూపు రాదట. ఉన్నది నిలవడానికి చుక్కలిచ్చారు. నేను వేసుకుంటున్నా, నువ్వూ వేసుకో అని వేస్తున్నా."

"మీరు దేనికి వేసుకోవడం?"

"నావి ఉత్త నీళ్ళే."

మరుసటి వారం ఇద్దరూ కొట్టుకొచ్చారు. కొత్త జత బయటికి తీశాను.

"ఇది పచ్చగా ఉంది," అంది పెట్టుకోకుండానే.

"అక్కా, ఇంక నా వల్ల కాదు. మీ కళ్ళకి సరిపడే లెన్సు ఈ దీవిలో లేదు."

బూన్ తియాన్ ముఖం వెలిగిపోయింది. "చెప్పలా? దీనికి నేనే దిక్కు. పద, మెట్టుంది చూసుకో."

మెట్టు అటుపక్క ఉంది. ఆవిడే ఆయన్ని అటు తిప్పింది.

గుమ్మంలో ఆగి, తల వంచకుండా కళ్ళు మాత్రం దించింది. ఆ మొదటి జత లెన్సులో దగ్గరివి చూడాలంటే అలాగే చూడాలి. ఆయన చెయ్యి ఆవిడ మోచేతి మీద ఉంది.

"ఏం చూస్తున్నావ్?" అన్నాడాయన.

"ఏం చూస్తాను, నా మొహం," అంది రాణి. "నాకేమైనా కనపడి చస్తేగా!"