మళ్ళీచెప్పండి గారు

ఇప్పుడంటే అన్నీ ఫోన్లలోకి వచ్చేశాయిగానీ, ఆ రోజుల్లో పుస్తకం కావాలంటే గ్రంథాలయంలో కంప్యూటరు కేటలాగు ముందు కూర్చోవాల్సిందే. దాంట్లో ఎలా వెతకాలో గుర్తుండనివారు ఊరు మొత్తం మీద ఒక్కరే, ఆ గ్రంథాలయాధికారి. పొద్దున నేర్పితే మధ్యాహ్నానికి మరిచిపోయేవారు. "మళ్ళీ చెప్పండి" అంటూ కుర్చీ దగ్గరికి జరుపుకొనేవారు. ఆ మాటే ఆయన పేరైపోయింది.

బట్టలు కుట్టే మా అత్తయ్య అక్కడికి వెళ్ళింది ఒక కోటు కోసం. ఒక పెద్దావిడ, తన తల్లి తొడుక్కున్న కోటుకి ఉన్నలాంటి మడత కాలరే కావాలని పట్టుబట్టింది. ఆ కత్తిరింపు గురించి ఏదో పాత పత్రికలో వ్యాసం వచ్చినట్టు అత్తయ్యకు లీలగా గుర్తు. తీరా వెళ్ళాక, వరసగా వెలుగుతున్న తెరలు చూసి గుమ్మంలోంచే వెనుదిరగబోయింది.

"అమ్మా, ఈ కేటలాగు చూడ్డం మీకు వచ్చా?" అన్నారాయన.

"రాదండీ. నాకు తెలిసింది కుట్టుమిషనొక్కటే."

"నాకు అదీ రాదు. రండి, ఇద్దరం ఓ చెయ్యేద్దాం."

అత్తయ్య మీటలు తడుముకుంటూ 'కాలరు' బదులు 'కలరా' అని కొట్టింది. తెర నిండా అంటురోగాల పుస్తకాలు.

"కోటుకి కలరా ఎలా సోకిందమ్మా?" అన్నారాయన తెల్లముఖం వేసుకుని.

అత్తయ్యకు నవ్వాగలేదు. నవ్వుతోపాటే బెరుకూ పోయింది. 'పుస్తకాలు' అన్న గడిలోంచి 'వ్యాసాలు' అన్న గడికి మారాలని తనే కనిపెట్టింది. పత్రిక దొరికింది. కోటు కుదిరింది.

అప్పట్నుంచి వారం వారం వెళ్ళి ఓ పుస్తకం తెచ్చుకోవడం, ఆయనకో పాఠం చెప్పిరావడం.

"రచయిత పేరు ఇక్కడ కొట్టాలండీ. నిన్నగాక మొన్న చెప్పానుగా."

"మళ్ళీ చెప్పండి."

"ఇంత మొద్దుబుర్రకి ఉద్యోగమెలా ఇచ్చారండీ?"

"అదే నాకూ అంతుపట్టదు."

ఒకనాడు అత్తయ్య పెందలాడే వెళ్ళింది. ఆయన ఫోను భుజంతో చెవికి అదిమిపట్టి, మీటలకేసి చూడనైనా చూడకుండా పది వేళ్ళతో టకటకలాడిస్తున్నారు. "రచయిత పేరు తప్పు చెప్పారు లెక్చరరుగారూ. విషయాన్ని బట్టి వెతికాను, దొరికింది. ఈ కేటలాగు ఎక్కించిందే నేను, ఆమాత్రం తెలీదా?"

వెనక్కి తిరిగి అత్తయ్యను చూశారు. వేళ్ళు ఆగిపోయాయి.

"ఎప్పుడొచ్చారమ్మా?"

అత్తయ్యకు ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే, ఆ రోజు ఆయనే చకచకా వెతికి ఇచ్చి ఉంటే కొలతలు రాసుకుని వెళ్ళిపోయేదాన్ని, మళ్ళీ ఈ ఛాయలకు వచ్చేదాన్నా అనిపించింది.

"ఇప్పుడేనండీ. కళ్ళజోడు మరిచిపోయొచ్చాను, ఏమీ కనబడ్డం లేదు," అంది.

తర్వాతి వారం పక్కింటి ఇస్త్రీ ఆవిడను వెంటబెట్టుకెళ్ళింది. ఆవిడ కంప్యూటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయింది.

"నాకిదేం రాదొదినా."

"నాకు మాత్రం వచ్చేంటి," అంది అత్తయ్య బుర్ర గోక్కుంటూ. "కాస్త చూసి చెప్పు, ఏది నొక్కమంటావు?"

బల్ల అవతల ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు మాత్రం కాసేపు ఊగుతూనే ఉంది.