జేరో, జబరో

నేను చదువుకున్న రోజుల్లో మా నల్లగొండ జిల్లాలో బడి ఉర్దూ, కచ్చేరి ఉర్దూ, ఇల్లు మాత్రం తెలుగు. రెండు భాషలు వచ్చినవాడికి రెండింతల తెలివి ఉంటుందని మా బాపు నమ్మకం. రెండింతల తప్పులు కూడా చేయగలడని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఉర్దూ రాతలో ఒక పెద్దమనిషి తరహా ఉంది. హల్లులు రాస్తారు, చిన్న అచ్చులు రాయరు. అక్షరం మీద గీత పెడితే అది జబర్, 'అ' అని పలకాలి. కింద పెడితే జేర్, 'ఇ' అని పలకాలి. ఆ గీతలు పిల్లల వాచకాల్లోనే కనిపిస్తాయి, పెద్దవాళ్లు పెట్టడం నామోషీ. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలట. (సందర్భమే అర్థం కానివాడి గతేమిటో ఆ లిపి కనిపెట్టిన మహానుభావుడు ఆలోచించలేదు.) ఆ కనపడని గీత ఒకటి నా బతుకును ఏ దారి పట్టించిందో తలచుకుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నగరంలో యూనివర్సిటీ కుతుబ్‌ఖానాలో, అంటే గ్రంథాలయంలో, తాత్కాలికపు గుమాస్తాను. చిట్యాల దగ్గర పరుల పొలాల్లో కూలికి పోయే మా బాపు నేను ఊరికి వెళ్లినప్పుడల్లా "నౌకరి ఖాయమైందారా కొడుకా?" అని అడిగేవాడు. ఇంకా కాలేదంటే పైకి చూసి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పుకు భయపడి ఊరికి పోవడమే తగ్గించాను. అట్లాంటి సమయంలో మా యూనివర్సిటీ ప్రొఫెసర్ సాబు ఒకరు, మా జిల్లా చెరువుల మీదా చెరువు కట్టల మీది రాతిశాసనాల మీదా పదకొండేళ్లుగా రాస్తున్న పుస్తకాన్ని ఆ ఎండాకాలం సెలవుల్లో పూర్తిచేద్దామని భువనగిరిలో ఖిల్లా గుట్ట కింద ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ఆయనకు కావలసిన పుస్తకాలను కుతుబ్‌ఖానా వారు మూడు ఇనుపపెట్టెల్లో పంపారు. అవి మామూలుగా గడప దాటకూడని పుస్తకాలు, కాబట్టి వెంట ఒక మనిషి ఉండి తీసివ్వాలి, తిరిగి సర్దాలి, పోకుండా చూడాలి. ఆ మనిషిని నేనే. (ఎండాకాలంలో నిప్పులా కాలే ఆ గుట్ట బండ కింద కూర్చోవడానికి కుతుబ్‌ఖానాలో మరెవరూ ఒప్పుకోలేదు.) సాబు మెచ్చుకుంటే నా నౌకరి ఖాయమని పైవాళ్లు చెప్పి పంపారు.

సాబు మాట్లాడేది తక్కువ, రాసేది ఇంకా తక్కువ. ఏది కావాలన్నా చిట్టీ, చిట్టీలో మూడు మాటలు. 'చాయ్ – చక్కెర – తక్కువ.' 'శాసనాలు – రెండో – సంపుటం.' మూడు ముక్కల సాబు అని నేను చాటుగా పేరు పెట్టుకున్నాను. పుస్తకంలో మాత్రం ఆ పొదుపు లేదు. ప్రతి కాగితానికీ చుట్టూ హాషియా, అంటే అంచు, బెత్తెడు వదిలి, ఏ మాటకు ఏ పుస్తకం, ఏ పుట ఆధారమో అక్కడ చీమల బారులా రాసేవారు. ఆయన చూసిన ప్రతి పుటలో నేనొక కాగితపు ముక్క పెట్టి, దాని మీద ఆయన రాతప్రతి పుట అంకె వేసేవాణ్ణి. మళ్లీ అడిగితే వెతుక్కోకుండా అదొక సోమరి ఉపాయం. దాంతో ప్రతి పుస్తకంలోంచీ పదీ ఇరవై ముక్కలు బయటికి వేలాడేవి. సాబుకు అవి చూస్తే ఒళ్లుమంట.

"కితాబులకు తోకలు మొలిపిస్తున్నవేందిరా? పోయేనాటికి అన్ని పీకెయ్యాలె" అనేవారు.

ఒక సోమవారం పొద్దున లేచి చూసేసరికి సాబు లేరు. చివరిగా ఒక శాసనం సరిచూసుకోవడానికి పానగల్లు వెళ్లారని వంటమనిషి చెప్పాడు. బల్ల మీద పూర్తయిన రాతప్రతి కట్ట, దాని మీద చిట్టీ. మూడు మాటలు: మసవ్వదా, ప్రెస్, ఆ రెంటి మధ్యన జీమ్, లామ్, దాల్ అనే మూడక్షరాల మాట. మసవ్వదా అంటే రాతప్రతి. మధ్య మాటకు జబర్ పెట్టి చదివితే 'జల్ద్', త్వరగా అని. జేర్ పెట్టి చదివితే 'జిల్ద్', పుస్తకాలను కుట్టి వేసే గట్టి అట్ట, మేం జిల్దు అనేది. మా ఊరి మనిషి ఎవడైనా 'జల్దీ' అని రాసేవాడు, దీర్ఘం కనబడేది, నేను బతికిపోయేవాణ్ణి. సాబుది శుద్ధమైన ఉర్దూ, ఆ దీర్ఘం కూడా తీసేశారు. కట్ట పూర్తయింది కాబట్టి జిల్దు కట్టించమన్నారని నేను ఒక్క క్షణం కూడా సందేహించలేదు. పైగా బజారులో జిల్దుల తాత దుకాణంలో పుస్తకాలను బిగించే మరను ఊరంతా ప్రెస్సు అనే పిలిచేది. ఇంక నాకు అడ్డేముంది?

జిల్దుల తాత కట్టను అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లజోడు పైకెత్తాడు.

"అంచులు వంకర టింకరగున్నయ్ బేటా. మూడు దిక్కుల కొయ్యాలె. గని గీ అంచుల ఏందో రాసున్నది గద, కొయ్యమంటవా?"

ఆ రోజు నా నోట వచ్చిన మాట రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. "గవి చిల్లర రాతలు తాతా, కొయ్యి" అన్నాను. ఇల్లు కట్టినాక పరంజా విప్పరా అని నా తర్కం! ఎర్ర గుడ్డ, తోలు మూలలు నేనే ఏరి ఇచ్చాను. మర్నాటికి జిల్దు తయారైంది. దాన్ని బల్ల మధ్యలో పెట్టి, సాబు వచ్చాక నా నౌకరి ఖాయమయ్యే ఘడియ కోసం గుమ్మంలో నిలబడ్డాను.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చారు. గడప దాటకముందే "ప్రెస్‌కు చేరిందా?" అన్నారు.

"చేరింది సాబ్. వచ్చింది గూడ."

"వచ్చిందా? అప్పుడే అచ్చయిందా?"

"అచ్చు గాదు సాబ్, జిల్దయింది."

సాబు లోపలికి వచ్చి ఆ ఎర్ర పుస్తకాన్ని చూశారు. తెరిచారు. ఇంకో పుట తెరిచారు. తరవాత నడుమ నుంచి తెరిచారు.

"హాషియా ఏదిరా?"

"కోసినం సాబ్. వంకరగుండె."

సాబు నిలబడ్డచోటే వెనక్కి జరిగి ఇనుపపెట్టె మీద కూలబడ్డారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆయన జీవితంలో మొదటిసారి కాబోలు, ఒక్క ఊపున మూడు వాక్యాలకు మించి మాట్లాడారు. శుక్రవారానికల్లా నగరంలోని అచ్చుకూటానికి చేరకపోతే ఆ యేటి ప్రచురణల్లో ఈ పుస్తకానికి చోటు లేదని, అందుకే 'జల్ద్' అని రాశానని, ఆధారాలు లేకపోతే ఇది శాస్త్రం కాదు, పుక్కిటి పురాణమని అన్నారు. కళ్ల ముందు మా బాపు పైకి చూస్తున్నాడు.

ఇద్దరం బజారుకు పరుగెత్తాం. కోసిన అంచులు బుట్టలో ఉంటాయని నా ఆశ. బుట్ట ఖాళీ. పెరట్లో తాత ఇంటామె, అందరూ అవ్వ అనేవాళ్లు, రోలు ముందు కూర్చుని రుబ్బుతోంది. మా ప్రాంతంలో పాతకాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, వెదురు గంపలకు పూస్తారు. గంప గట్టిపడుతుంది, పురుగు పట్టదు.

"మంచి కాయితం బిడ్డా, ఎన్నపూస లెక్క నలిగింది. ఇంకేమన్న ఉంటె తే" అంది అవ్వ నన్ను చూసి.

అప్పటికే పూసి ఎండబెట్టిన గంప ఒకటి గోడకు ఆనించి ఉంది. సాబు దాన్ని ఎత్తి, ఎండకు పట్టి, చుట్టూ తిప్పుతూ చదవడం మొదలుపెట్టారు. పదకొండేళ్లు రాళ్లు చదివిన మనిషి గంప చదవడం నేను కళ్లారా చూశాను. నలగకుండా మిగిలిన ముక్కల మీద నాలుగు ఆధారాలు దొరికాయి. మిగతావి మెంతుల పాలయ్యాయి. అవ్వ మాత్రం "గాయనకేమైంది బిడ్డా, గంప గావాల్నంటె ఇస్త గద" అని జాలిపడింది.

గంప చంకలో పెట్టుకుని (అవ్వ ఊరికే ఇచ్చింది) ఇంటికి వచ్చాం. చేసేదేమీ లేక నేను పుస్తకాలు పెట్టెల్లో సర్దబోయాను, ఎట్లాగూ నన్ను పంపేస్తారు కదా అని. సాబు ఆజ్ఞ గుర్తొచ్చి మొదటి పుస్తకం తోక పీకాను. దాని మీద నలభై రెండు అని అంకె ఉంది. రాతప్రతి నలభై రెండో పుటకు ఆధారం ఈ పుటలోనే ఉంది!

"సాబ్! తోకలు!" అని అరిచాను.

సాబుకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. మరుక్షణం పెట్టె ముందు నేల మీద చతికిలబడ్డారు. రెండు పగళ్లు నేను తోక చూసి అంకె, పుట చెప్పడం, ఆయన వేరే కాగితాల మీద రాయడం. ఆ పనిలో ఆయన సొంత తప్పులు మూడు బయటపడ్డాయి, నేను చూడనట్టు నటించాను. గురువారం సాయంత్రం భువనగిరి స్టేషన్లో రైలెక్కి, శుక్రవారం పొద్దున అచ్చుకూటం తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడ్డాను. అక్కడి పెద్ద మేస్త్రీ ఆ ఎర్ర జిల్దు చూసి, అక్షరాలు కూర్చేవాళ్లకు విడి కాగితాలు కావాలని గొణుగుతూ, నా ముందే దాన్ని పరపరా చింపేశాడు.

ఆ యేడే పుస్తకం వచ్చింది. సాబు నా గురించి కుతుబ్‌ఖానాకు చిట్టీ రాశారు. 'లడ్కా – జల్ద్ – ముస్తఖిల్.' కుర్రవాడిని త్వరగా ఖాయం చేయండని. దఫ్తర్ గుమాస్తా నాలాంటి మేధావే. 'కుర్రవాడు – జిల్దు – ఖాయం' అని చదివి నన్ను జిల్దు విభాగంలో ఖాయం చేశాడు. హుకుం చేతికొచ్చినప్పుడు రెండుసార్లు చదువుకున్నాను. నోరు విప్పితే ఖాయం కూడా పోతుందేమోనని విప్పలేదు. బాపుకు చెప్పాను.

"ఖాయమైందా! ఏం పనిరా?"

"కితాబులకు తోలు గుట్టుడు బాపూ."

బాపు నా చేతులు తిప్పి చూశాడు. "మీ తాత బాయి మోటలకు తోలు గుట్టిండు. దానికి గింత సదువెందుకురా?" అన్నాడు. కానీ ఆ మాట తరవాత ఆయన పైకి చూసి నిట్టూర్చలేదు.

మొత్తం నౌకరీ ఆ విభాగంలోనే గడిచింది. పుస్తకాలు కుట్టడం ఎంత మంచి పనో మెల్లగా తెలిసింది. చేతిరాత కాగితం వస్తే అంచు మీద కత్తి పెట్టే ముందు మూడుసార్లు అడిగేవాణ్ణి, చాదస్తమని నవ్వేవాళ్లు. నౌకరి చాలించిన రోజు దఫ్తర్ వాళ్లు నా పాత కాగితాలు చేతికిచ్చారు. వాటిలో సాబు చిట్టీ ఉంది. అన్నేళ్లలో దాన్ని నేను చూడడం అదే మొదలు. మధ్య మాటలో జీమ్ కింద ఎప్పుడూ ఉండే చుక్క ఉంది, ఆ చుక్క కింద సన్నగా ఒక గీత కూడా ఉంది. అది జేరో, అంటే సాబు కావాలనే జిల్దు అని రాశారో, లేక ఈగ వదిలిన మరకో కళ్లజోడు మార్చి చూసినా తేలడం లేదు. అడుగుదామంటే సాబు లేరు. అన్ని ఆధారాలు పోగొట్టినవాణ్ణి, దీనికి ఆధారం ఎక్కడ వెతకను? మూడు మాటలకు మించి సిరా ఖర్చుపెట్టని మనిషి నా కోసం ఒక గీత ఎక్కువ గీశారనుకుంటే, ఈ వయసులో ఒంటరిగా కూర్చున్నా నవ్వొస్తుంది.