నీలం పేలికలోని వంకాయ

ఈ మధ్య వస్తున్న ప్లాస్టిక్ డబ్బాల మూతల గురించి ఎవరికైనా ఫిర్యాదు చేయాలని నాకు చాలాకాలంగా ఉంది. నాలుగు వైపులా నాలుగు రెక్కలుంటాయి. ఒకటి ఎత్తితే రెండోది పడుతుంది. రెండోది ఎత్తేలోపు గోరు విరుగుతుంది. నాలుగూ లేచాక మూత ఒక్కసారిగా ఎగిరి లోపలి సరుకు నేల మీదికి వస్తుంది. నేను ఒక ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో పనిచేస్తాను. ఇలాంటి మూత మా బల్ల మీదికి వచ్చి ఉంటే మారు మాట్లాడకుండా వెనక్కి పంపేవాణ్ణి. నా ఇంట్లో మాత్రం ఇవి పదమూడు ఉన్నాయి. పైగా నేనే ఏరి కొన్నాను.

మొన్న శివరాత్రి వెళ్లిన మర్నాడు అందులో ఒకదాని మూత అలాగే ఎగిరింది. విత్తనాలు చెదరలేదు గాని, వాసన బయటికి వచ్చింది. బూడిద, ఎండు వేపాకు, వాటి వెనక ఎక్కడో సన్నగా మాడిన జొన్నరొట్టె. అది ఎస్తేరమ్మ వాసన. ఆమె పోయాక ఇది రెండో వసంతం. ఆ విత్తనాలను జల్లెడ పట్టి, దులిపి, డబ్బాల్లో పోసి, చీటీలు అంటించింది నేనే. ఇంత శుభ్రం చేసినా వాసన మిగిలిందంటే లోపం నా పనిలోనే ఉండాలి.

నాలుగు డబ్బాల చీటీల మీద వంకాయ 1, వంకాయ 2, వంకాయ 3, వంకాయ 4 అని నా గుండ్రటి దస్తూరీలో రాసి ఉంది. ప్రస్తుతం నా సమస్య ఆ నాలుగే. ఎస్తేరమ్మ కూతురు రూతమ్మ రాయికోడ్ దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. ఆ రోజే ఫోన్ చేసింది. "సార్, మా అమ్మమ్మ వంకాయ ఇత్తనం కావాలె. అమ్మ నీలం పేలికల కట్టిపెట్టింది చూడు, గదే. ఇంకెవల దగ్గర లేదది. పై ఆదివారం గాక ఆ పై ఆదివారం వస్త. ఎండలు ముదరకముందే నారు పోసుకోవాలె." సరే అన్నాను. ఫోన్ పెట్టేసి నాలుగు డబ్బాలూ బల్ల మీద వరసగా పెట్టాను. నాలుగింటిలోనూ అవే చదును గింజలు, అదే రంగు, అదే పరిమాణం. నీలం పేలిక ఎక్కడా లేదు.

పేలిక ఏమైందో చెప్పేముందు మనిషి గురించి చెప్పాలి.

మేం తణుకు వైపు వాళ్లం. ఉద్యోగం జహీరాబాద్ తీసుకొచ్చింది. వచ్చిన ఏడాదే నా భార్య లలితను డాక్టరు జొన్నరొట్టె తినమన్నాడు. జొన్నపిండితో మేమిద్దరం కలిసి చేసిన మొదటి వస్తువు రొట్టె కాదని మాత్రం చెప్పగలను. మా వీధి చివర మేడ మీద ఒంటిగదిలో ఉండే ఎస్తేరమ్మ కాలనీలో నాలుగైదు ఇళ్లకు రొట్టెలు చేసిచ్చేది. అలా మా వంటింట్లోకి వచ్చింది. అరవై దాటిన సన్నటి మనిషి, మోచేతుల దాకా పిండి. మొదటి రోజు నేను మా వైపు మర్యాద కొద్దీ "ఎస్తేరమ్మగారూ, కూర్చోండి" అన్నాను. తన వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని ఆమె తిరిగి చూసింది.

ఆ ఏడు చలి తగ్గే రోజుల్లో నాకు పెరట్లో కూరగాయలు పండించాలన్న ఆలోచన పుట్టింది. పెరడంటే ఇంటి వెనక గోడ దాకా ఉన్న ఖాళీ. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర అక్కడే విశ్రాంతి తీసుకుంటోంది. నేను గ్రాఫు కాగితం తెచ్చి మడులు గీశాను, ఒక్కో మడికి ఒక్కో రంగు వేశాను. విత్తనాల దుకాణంలో బొమ్మ బాగున్న పొట్లాలన్నీ కొన్నాను. క్యాబేజీ, క్యారెట్, ముల్లంగి, ఎర్ర క్యాప్సికం, బ్రకోలీ. చివరిదాన్ని మా ఇంట్లో అప్పటికి ఎవరూ తినలేదు. రొట్టె తడుతున్న ఎస్తేరమ్మ కళ్లు ఆ కాగితం మీద పడ్డాయి.

"ఏంది సారూ, ఇంకో ఇల్లు కడ్తున్నవా?"

"కాదు. తోట. ఇది ప్లాను."

"మంచిగుంది. మీ ఇంట్ల దినాం ఏం తింటరు?"

కాస్త ఆలోచించాల్సి వచ్చింది. "వంకాయ. బెండకాయ. సొరకాయ. గోంగూర."

"మరి గవి ఏడున్నయ్ ఇండ్ల?"

కాగితం అటూ ఇటూ తిప్పాను. లేవు.

"గీ గోబీ చలికి వస్తది సారూ. ఇగ ఎండలు మొదలైతయ్. నువ్వు పెట్టంగనే ఆడనే ఉడుకుతది. మేడంకు వండే పని తప్పుతది," అంది, నా క్యాబేజీ మడి వైపు గడ్డం చూపి, రొట్టె తిప్పుతూ.

లలిత నవ్వింది. నా ప్లాను చూసి ఆమె నవ్వడం అది మొదటిసారి కాదు గనక నేను పట్టించుకోలేదు. మర్నాడు ఎస్తేరమ్మ కొంగున కట్టుకొచ్చిన మూట విప్పి వంగ, సొర, బెండ గింజలు వేరు చేసింది. వారం రోజులు ఇద్దరం కంకర ఎత్తాం. ఆమె నా కన్నా రెట్టింపు ఎత్తింది. రొట్టెలకు వచ్చిన మనిషి కంకర ఎందుకు ఎత్తుతోందని నాకు అప్పుడు తోచలేదు. ఉత్సాహవంతుణ్ణి చూస్తే ఎవరికైనా సాయం చేయాలనిపిస్తుంది కదా అనుకున్నాను.

చదువుకున్నవాణ్ణి కాబట్టి ఒక నోటుబుక్కు పెట్టాను. అది ఇప్పటికీ ఉంది. దాన్ని చదివి తోట వేసే మనిషి ఎవరైనా ఉంటే ఒకసారి చూడాలని ఉంది. ఒక పేజీలో 'సొర గింజ పొద్దున నానబెట్టి సాయంత్రం పెట్టాలి' అని ఉంటుంది. పేజీ తిప్పితే 'సొర గింజ నానబెట్టరాదు' అని ఉంటుంది. రెండూ ఆమె చెప్పినవే, మధ్య మూడు రోజుల ఎడం.

"మొన్న నానబెట్టమన్నారు కదా?" అని నిలదీశాను.

"మొన్న గాలి ఎండుగ ఉండె."

"ఇవాళ?"

"ఇయ్యాల మొగులున్నది. నానబెడితే కుళ్లుతది. పుస్తకంల మొగులు రాస్కోలేదా?"

రాసుకోలేదు. ఆ రోజు నుంచి ఆకాశంలో మబ్బు ఎంత ఉందో కూడా రాయడం మొదలుపెట్టాను. పుస్తకం తొందరగా నిండింది తప్ప నా అయోమయం తరగలేదు. గింజ ఎంత లోతున పెట్టాలంటే ఒక వేలి కణుపు అంది. ఎవరి వేలు అని అడిగాను. నా ఉద్యోగంలో అది అడగవలసిన ప్రశ్నే. "పెట్టేటోని వేలు," అంది, ఇంత చిన్న సంగతి తెలియని మనిషికి ఫ్యాక్టరీ ఎలా అప్పజెప్పారో అన్నట్టు చూస్తూ.

మొదటి కాపు వంకాయలు లేత ఆకుపచ్చ మీద ఊదా చారలతో, ముచ్చిక మీద ముళ్లతో వచ్చాయి. అన్నిటిలోకి పెద్దదానికి ఒకరోజు ఎర్ర దారం కట్టి కనిపించింది. లలిత అది మొక్కుబడి అనుకుని కుంకుమ బొట్టు పెట్టింది. నేను నాణ్యత గుర్తు అనుకున్నాను. ఆ ఆదివారం మా మేనేజరు భోజనానికి వస్తే ఆ కాయను కోసి, తోడుగా నాలుగు చిన్నవి వేసి, గుత్తివంకాయ చేయించాను. ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు. మర్నాడు ఎస్తేరమ్మ రొట్టెలకు వచ్చి ముందు పెరట్లోకి వెళ్లింది.

"దారమేది సారూ?"

"తీసేశాం."

"కాయేది?"

"తిన్నాం."

ఆ తర్వాత మూడు రోజుల పాటు రొట్టెలు మామూలు కన్నా మందంగా వచ్చాయి. నాలుగో రోజు తనే అంది: "వంకర కాయలు మనం తినాలె. మంచి కాయ చెట్టు మీదనే పండి, పసుపు పచ్చగై, గట్టిబడాలె. గది వచ్చే యాడాదికి."

మా ఫ్యాక్టరీలో దీనికి సరిగ్గా తలకిందులు. మంచివి బయటికి పోతాయి, వంకరవి మా దగ్గర మిగులుతాయి. ఆ తర్వాత చాలాకాలం, వెనక్కి పంపాల్సిన ముక్కను చేతిలో పట్టుకుని అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపు నిలబడేవాణ్ణి. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. ఇప్పుడూ చెప్పలేను.

అదృష్టవశాత్తు అదే చెట్టుకు ఇంకో కాయ నిలిచింది. అది పండాక ఎస్తేరమ్మ కోసి, గింజలు నీళ్లలో వేసి, తేలినవి పారబోసి, మునిగినవి నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, నీలం చీర పేలికలో కట్టింది. ఏ గింజకు ఏ పేలిక అన్నది ఆమె ఇష్టం కాదు. ఆ విత్తనం మొదట ఎవరిచ్చారో వాళ్లు తమ పాత చీర చింపి కట్టిచ్చిన గుడ్డే దానికి ఎప్పటికీ గుడ్డ. "నీలంది మా అమ్మది. గళ్లది కోహీర్ల ఉండె మా చిన్నమ్మది. గులాబిది ఝరాసంగం జాతరల కలిసినామె ఇచ్చింది. ఆమె పేరు యాదికి లేదు గని చీర యాదికుంది." పేర్లు రాసిపెడదామా అన్నాను. "ఎందుకు? చీర కనబడ్తలేదా?" అంది.

"మా గదిల ఎలుకలు సారూ, మీ అటక మీద పెడ్త," అని మూటలన్నీ మా ఇంట్లోనే ఉంచింది. ఏటా ఒకటో రెండో పెరిగాయి. చివరికి పదమూడు అయ్యాయి. ఒక మనిషి తన జీవితకాలపు విత్తనాలను తెచ్చి నా అటక మీద పెట్టిందంటే, ఊళ్లో ఇంతమందిలో నాలో ఏదో చూసి ఉండాలి. ఏం చూసిందో నేనే ఊహించుకున్నాను. శ్రద్ధ, వినయం, నేర్చుకునే గుణం. ఊహ నాదే గనక తగ్గించి ఊహించలేదు.

కిందటేడు కాక అంతకు ముందటేడు, వానలు వెనకపట్టే రోజుల్లో ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానలో చూడ్డానికి వెళ్లాను. నేను ఆమె ఒంట్లో ఎలా ఉందని అడిగాను, ఆమె మా పెరట్లోని చిక్కుడు పందిరి ఎలా ఉందని అడిగింది. "ఫికర్ లేదు, బాగుంది," అన్నాను. పందిరి గాలికి పడిపోయి అప్పటికి రెండు రోజులు. ఆ మర్నాడు ఆమె లేదు. ఆమెతో నేను ఆడిన చివరి మాట అబద్ధమన్న సంగతి లలితకు కూడా చెప్పలేదు.

మనిషి పోయాక ఏం చేయాలో తెలియనివాళ్లు ఏదో ఒకటి సర్దుతారు. నేను అటక సర్దాను. బూడిద పట్టిన మురికి గుడ్డల్లో అంత విలువైన విత్తనాలు ఉండడం నాకు బాధ కలిగించింది. డబ్బాలు తెచ్చాను, ఒక్కో మూట విప్పాను, బూడిద జల్లించాను, వరస సంఖ్యలు వేశాను. పేలికలు పారేశాను. ఒక్కదాన్ని స్కూటర్ తుడవడానికి ఉంచాను. దాని అసలు రంగేమిటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. చీటీలు రాసిపెట్టుకుంటే గందరగోళం ఉండదని నమ్మేవాణ్ణి. ఆమెకు ఆ పేలికలే చీటీలు, వాటిలో పన్నెండింటిని నా చేత్తోనే చెత్తబుట్టలో వేశాను. పని పూర్తయ్యాక చాలా తృప్తిగా కూడా అనిపించింది.

మరుసటి వసంతంలో ఏమీ నాటలేదు. ఆమె గుర్తుగా అలాగే ఉంచానని అడిగినవాళ్లకు చెప్పాను. అసలు కారణం అంత గొప్పది కాదు. ఏది ముందు పెట్టాలో, ఎంత పెట్టి ఎంత ఉంచుకోవాలో, పెట్టింది రాకపోతే ఏం చేయాలో చెప్పేవాళ్లు లేక నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. చైత్రం వచ్చింది, వెళ్లింది. గింజలు ఇంకో ఏడు ముసలివయ్యాయి.

రూతమ్మ ఫోన్ చేసిన సాయంత్రమే నాలుగు డబ్బాల్లోంచి పదేసి గింజలు తీసి నాలుగు తడిగుడ్డల్లో చుట్టాను. నాటేముందు ఎస్తేరమ్మ అలాగే చూసేది. రోజూ నీళ్లు చిలకరించాను. మొగులు కూడా చూశాను. పది రోజుల తర్వాత విప్పితే ఒకటో గుడ్డలో ఆరు, రెండో దాంట్లో నాలుగు, నాలుగో దాంట్లో ఏడు మొలిచాయి. మూడో దాంట్లో ఒక్కటీ లేదు. అక్కడి నుంచి ఆదివారం దాకా నేను చేసిందల్లా మూడోది నీలం కాదని అనుకోవడం, మళ్లీ అయ్యుండొచ్చని అనుకోవడం.

ఆమె నుంచి నాకేం మిగిలిందని ఆ రోజుల్లోనే లెక్కపెట్టుకున్నాను. అంగట్లో వంకర వంకాయలే ఏరతాను, అమ్మే ఆమె నాకు చూపు మందగించిందని జాలిపడుతుంది. కొత్తవాళ్లు పరిచయమైతే వాళ్ల ఉద్యోగం కన్నా ముందు ఇంట్లో ఏం వండుకుంటారో అడుగుతాను, కొందరు నొచ్చుకుంటారు. ఏ సంగతైనా రూఢిగా తెలుసని ఎవరైనా అంటే మబ్బు పట్టిందేమోనని కిటికీలోంచి చూస్తాను. ఇదంతా ఆమె నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన విద్య అనే నా నమ్మకం.

రూతమ్మ ఆదివారం పొద్దున షేర్ ఆటోలో దిగింది. తల్లి పోలికే, తల్లి కన్నా తక్కువ మాటలు. అత్తగారి ఊళ్లో ఇంటి పక్కనే కొంచెం జాగ దొరికిందట, దానికి తడిక కూడా కట్టుకుందట. బల్ల మీది డబ్బాలు చూసింది.

"పేలికలేవి సార్?"

చెప్పాను. స్కూటర్ సంగతి కూడా చెప్పాను. ఆమె కాసేపు నాలుగో డబ్బాలోని గింజలు అరచేతిలో పోసుకుని చూసింది, తర్వాత మిగిలినవి. ఏది ఏదో పోల్చుకోలేక తల అడ్డంగా ఊపింది. మొలకల గుడ్డలు విప్పి చూపించాను. మూడోదాని దగ్గర ఆగింది.

"గిది మా అమ్మమ్మదేనా?"

"తెలీదు."

"కాకపోవచ్చు గద?"

"కాకపోవచ్చు."

"సరే తియ్యి. పది లేవకుంటే ఏమాయె, ఉన్నయన్నీ పోసి చూద్దం. ఒక్కటన్న లేస్తదేమో." సంచిలోంచి పాత చీర ముక్క తీసి నాలుగుగా చింపింది. ప్రతి డబ్బాలోంచి సగం గింజలు తీసి ఒక్కో ముక్కలో కట్టింది. "సగం నేనాడ పెడ్త, సగం నువ్వీడ పెట్టు. కాయ వచ్చినంక చూద్దం. చారలుంటే మా అమ్మమ్మది. లేకుంటే పాయె."

ఆమె అంత తేలిగ్గా 'పాయె' అనడం నాకు తట్టుకోవడం కష్టమైంది. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. గొంతు సవరించుకున్నాను.

"మీ అమ్మగారు ఊళ్లో ఇంతమందిని కాదని నన్ను శిష్యుడిగా ఎంచుకున్నారు రూతమ్మా. అన్నేళ్లు అంత ఓపికగా నేర్పారు. నేనేమో..."

రూతమ్మ మూటలు సంచిలో సర్దుకుంటూ తలెత్తకుండానే అంది:

"శిష్యుడేంది సార్? అమ్మ ఉన్న గదికి గచ్చే గని పిడికెడు మన్ను లేకుండె. నీ ఇంటెనుక జాగ ఖాళీగ ఉండె. గా ఇంట్ల నువ్వు గాక ఇంకెవలున్నా గిట్లనే చెప్తుండె."