ఉమ్మ్ అల్ హస్సామ్‌లో బీరు పెద్దలు, మల్లయ్య చెవి

తొంభైల్లో బహ్రెయిన్‌లో నేను స్టోరు గుమాస్తాని, మకాం మామీర్‌లో పనివాళ్ళ క్యాంపు. ఒక శుక్రవారం ఉమ్మ్ అల్ హస్సామ్ దాకా వెళ్ళడానికి కారణం మల్లయ్య. కరీంనగర్ వైపు మనిషి, ఏడాదిగా నా పక్క గది. నెలాఖరుకి అతని కాంట్రాక్టు ఖలాస్. కంపెనీ విల్లాలకి తోటమాలి కావాలి, మనిషిని చూపించమని అక్కడే ఉండే మా ఇంగ్లీషు ఇంజినీరు చెప్పాడు. ఆ పని దొరక్కపోతే మల్లయ్య ఇంటికి పోవాల్సిందే.

నమాజు అయ్యేదాకా బళ్ళు సరిగా దొరకవు కాబట్టి ఒంటిగంట దాటాక బయల్దేరాం. షేరు పికప్పులో మనిషికి మూడు వందల ఫిల్సు, అరగంట దారి. ఇంజినీరుకి ఇంట్లో బీరు తయారు చేసుకునే పిచ్చి ఉంది. అందుకని నేను పెద్ద తెలివిగా జాగ్రత్తలు మొదలెట్టాను.

"ఊళ్ళో కల్లు గీసేవాణ్ణని మాత్రం అనకు మల్లయ్యా. ఆళ్ళు రుచులు తెలిసినోళ్ళు, నవ్వుతారు."

"గట్లనే సారూ. నేనేం మాట్లాడ."

వరండాలో ఇంజినీరూ, మీసాల స్నేహితుడొకడూ కూర్చున్నారు. ఆ మీసాలాయన గ్లాసుని వెలుగుకెత్తి, వాసన చూసి, అర గుక్కకి పావుగంట వ్యాఖ్యానం చెప్పే రకం. "మీ ఇండియన్లకి రుచితో పనేముంది, కిక్కుంటే చాలు" అన్నాడు. ఒళ్ళు మండింది, అయినా ఇకిలించాను. నాకూ ఓ గ్లాసిస్తే ఒక గుక్క తాగి "అద్భుతం" అన్నాను కూడా. నిజానికి నాకేమీ తెలియలేదు.

కొత్తగా నింపిన సీసాలు చూపిస్తానని ఇంజినీరు మమ్మల్ని వెనక గదికి తీసుకెళ్ళాడు. ఏసీ లేని గది, ముప్ఫై సీసాలు, అన్నిటికీ బిగించిన మూతలు. మల్లయ్య గుమ్మం దగ్గరి సీసాకి చెవి ఆనించి, చటుక్కున వెనక్కి జరిగాడు.

"సారూ, ఇది ఇంక పొంగుతాంది. పొంగే కల్లు కుండకు మూతి బిగగడ్తరా ఎవలన్న? పలుగుతయ్. దగ్గరికి పోవద్దని చెప్పున్రి."

చెబితే ఇంజినీరుకి కోపమొచ్చి పని పోతుందేమో. చెప్పకపోతే మొహాన గాజు పెంకులు. చివరికి కల్లు సంగతితో సహా అంతా ఇంగ్లీషులో చెప్పేశాను. మీసాలాయన పకపకా నవ్వి ఒక సీసా తీయబోయాడు. మల్లయ్య అతని చెయ్యి పట్టుకుని బయటికి లాగి, మేమూ బయటపడగానే తలుపు మూశాడు. లోపల టప్పున పేలింది, వెంటనే ఇంకోటి. పెంకులు తలుపుకి తగిలాయి. ఎవరికీ ఏమీ కాలేదని చూసుకున్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

చప్పుళ్ళు ఆగాక, మిగిలిన సీసాల మీద తడి గోనెలు కప్పి, మల్లయ్య ఒక్కో మూతా వదులు చేశాడు. ఇంజినీరు పక్కనే నిలబడి కుండలు ఎలా కడుగుతారని నా చేత అడిగించాడు.

"దినాం కడిగి ఎండవెడ్తం. పాత మడ్డి ఉంటే కొత్త కల్లు చెడ్తది సారూ."

ఇంజినీరు తల ఊపి, "ఒకటో తారీఖు నుంచే పనికి రమ్మను" అన్నాడు.

ఇంటి బీరు రుచి చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఒకటే సలహా: సీసాలు ఎప్పుడు నింపారో, ఎక్కడ పెట్టారో ముందు అడగండి, తర్వాతే గుమ్మం దాటండి. పని దొరికినందుకు ఆ సాయంత్రం గుండెల మీంచి బరువు దిగిపోయింది కానీ, సిగ్గు మాత్రం మిగిలింది. మీసాలాయనకి మల్లయ్య ఎవరో తెలియదు. నాకు తెలుసు, తెలిసే దాచమన్నాను. మల్లయ్య ఆ ఊసే ఎత్తలేదు. క్యాంపు దగ్గర దిగాక, "మంచిగ చెప్పిన్రు సారూ, నా మాట ఒక్కటి గూడ ఇడవలే" అన్నాడు.